పాయింట్లు సమానమైనా ధర వేరు: ఇద్దరు ఐస్ హాకీ వింగర్ల కేసు

నేపథ్యం

ఐస్ హాకీ ఆటగాళ్ల తరఫున కాంట్రాక్టులు మాట్లాడే ఒక ఏజెన్సీలో లెక్కలు చూడటం నా పని. అమెరికా, కెనడాల్లో 32 జట్లతో నడిచే ఎన్‌హెచ్ఎల్‌లో ఏ ఆటగాడి అంకెలూ రహస్యం కావు. ఎన్ని గోల్స్ కొట్టాడు, ఎన్ని అసిస్టులు వచ్చాయి, ఏ మ్యాచ్‌లో ఎన్ని నిమిషాలు ఐస్ మీద ఉన్నాడు, అన్నీ లీగ్ వెబ్‌సైట్‌లోనే దొరుకుతాయి. ఇక్కడ అసలు అంకెలు వేస్తే ఆట తెలిసినవాళ్లు ఐదు నిమిషాల్లో పేర్లు పట్టేస్తారు. అందుకని జట్లు, సీజన్, జీతం అన్నీ వదిలేశాను. లెక్క చూపించక తప్పని చోట ఊహించిన అంకెలు వాడి, ఆ సంగతి అక్కడే చెప్పాను. మా క్లయింటుని ‘మావాడు’ అనీ, క్లబ్బు పోల్చి చూపించిన ఆటగాడిని ‘అవతలివాడు’ అనీ అంటాను.

ఆట తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. ఐస్ మీద ఒక్కో జట్టుకి గోలీ (గోల్ కీపర్) కాక ఐదుగురు ఉంటారు: ఇద్దరు డిఫెన్స్‌మెన్, ముగ్గురు ఫార్వర్డ్‌లు. ఆ ముగ్గురిలో ఒకడు సెంటర్, అటూ ఇటూ వింగర్లు. ఇలాంటి ముగ్గురి లైన్లు జట్టుకి నాలుగుంటాయి. ముప్పావు నిమిషం ఆడి (దీన్నే షిఫ్టు అంటారు) బెంచికొస్తారు, ఇంకో లైన్ దిగుతుంది. గోల్ కొట్టినవాడికి ఒక పాయింటు, దానికి ముందు పక్ (ఆటలో వాడే రబ్బరు బిళ్ల) అందించిన ఇద్దరి దాకా ఒక్కో అసిస్టు, అదీ ఒక పాయింటే. ఎవరికైనా పెనాల్టీ పడి బయట కూర్చుంటే ఎదుటి జట్టుకి సాధారణంగా రెండు నిమిషాల పవర్ ప్లే: నలుగురి మీద ఐదుగురు.

మావాడు అప్పటికి రిస్ట్రిక్టెడ్ ఫ్రీ ఏజెంట్. అంటే కాంట్రాక్టు అయిపోయింది కానీ హక్కులు ఇంకా క్లబ్బు దగ్గరే ఉన్నాయి. నచ్చిన జట్టుకి వెళ్లాలంటే మామూలుగా 27 ఏళ్లు రావాలి, లేదా లీగ్‌లో 7 సీజన్లు ఆడి ఉండాలి. మావాడికి అది ఇంకా దూరం. ఈలోపు ఆటగాడికి ఉన్న ఒకే ఒక గట్టి పట్టు శాలరీ ఆర్బిట్రేషన్. రెండు పక్షాలూ తమ అంకె, దానికి ఆధారాలు రాసిస్తాయి. ఆర్బిట్రేటర్ విని 48 గంటల్లో జీతం తేలుస్తారు. ఆటగాడే ఆర్బిట్రేషన్ కోరితే, తీర్పు ఒక ఏడాదికా రెండేళ్లకా అన్నది క్లబ్బు ఎంచుకుంటుంది.

సమస్య

క్లబ్బు వాదన ఒక్క వాక్యంలో ఉంది. ఇద్దరూ వింగర్లు, వయసులో ఏడాది తేడా కూడా లేదు, గత సీజన్ పాయింట్లు దాదాపు సమానం, కెరీర్ పాయింట్లూ అంతే, కాబట్టి అవతలివాడికి ఇచ్చిందే ఇతనికీ. అవతలివాడి కాంట్రాక్టు కొన్నేళ్ల క్రితం కుదిరినది, చౌక.

ఏజెంటు నన్ను అడిగింది కూడా ఒక్క వాక్యమే: “మనవాడు అతనికన్నా ఎక్కువా కాదా, ఎక్కువైతే ఎంత?”

ఈ ప్రశ్నలో రెండు ప్రశ్నలున్నాయని మొదటి రోజే ఏజెంటుకి చెప్పాను. హియరింగ్ గదిలో మావాడి ధర ఎంత అన్నది ఒకటి. వచ్చే నాలుగైదేళ్లలో మావాడు నిజంగా ఎంత ఆట ఇస్తాడన్నది రెండోది. గదికి దాని నియమాలున్నాయి. ఆటగాళ్ల సంఘానికీ లీగ్‌కీ మధ్య ఉన్న ఒప్పందం ఏవి ఆధారాలో ఏవి కావో రాసిపెట్టింది. లీగ్ తయారుచేసే అధికారిక గణాంకాలు, ఆడిన మ్యాచ్‌లు, గాయాలు, జట్టు గెలుపులో పాత్ర, పోల్చదగ్గ ఆటగాళ్లు, వాళ్ల జీతాలు, ఇవి చెల్లుతాయి. పత్రికల్లో వచ్చిన పొగడ్తలు, వీడియోలు, క్లబ్బు ఆర్థిక పరిస్థితి చెల్లవు. స్వేచ్ఛగా మార్కెట్‌లోకి వచ్చినవాళ్లు కుదుర్చుకున్న కాంట్రాక్టులూ చెల్లవు. ఆర్బిట్రేటర్లు కార్మిక వివాదాలు తీర్చడంలో చేయి తిరిగినవాళ్లు. హాకీ కోచ్‌లు కారు, స్టాటిస్టిక్స్ ప్రొఫెసర్లూ కారు. రెండో ప్రశ్నకి ఈ కట్టుబాట్లు లేవు, కానీ దాని జవాబు గదిలో చెప్పేది కాదు, ఆటగాడికి చెప్పేది.

ముందు చూసినవి

మొదట ప్లస్ మైనస్ చూశాను, అది క్లబ్బు ఎలాగూ ఎత్తుతుందని తెలుసు కాబట్టి. మావాడు కాస్త మైనస్‌లో, అవతలివాడు బాగా ప్లస్‌లో ఉన్నారు. ఆ ఆటగాడు ఐస్ మీద ఉండగా జట్టు గోల్ కొడితే ప్లస్, ఇస్తే మైనస్. పవర్ ప్లేలో కొట్టిన గోల్ లెక్కలోకి రాదు. గోలీని తీసేశాక ఖాళీ వలలోకి జారిన గోల్ మాత్రం వస్తుంది. సొంత గోలీ ఎలా ఆపాడన్నదాని మీద సగం ఆధారపడే అంకె ఇది. దీన్ని కొట్టిపారేయడం సులువే. అయితే కొట్టిపారేస్తే చాలదు, మావాడు ఎందుకు మైనస్‌లో ఉన్నాడో చెప్పగలగాలి. అతని షిఫ్టుల్లో ఎక్కువ భాగం సొంత గోల్ పక్కన ఫేస్ ఆఫ్‌తో, అంటే ఇద్దరి మధ్య పక్ వదిలి ఆట మొదలుపెట్టడంతో, మొదలవుతున్నాయి. కోచ్ అతని లైన్‌ని అక్కడికే పంపిస్తున్నాడు.

వీడియో గదిలో చెల్లకపోయినా నేను చూస్తాను, ఎందుకంటే అంకె ఎక్కడ నుంచి పుట్టిందో అక్కడే తెలుస్తుంది. మావాడి షిఫ్టు ఒకటి ఇలా ఉంది. సొంత జోన్‌లో ఫేస్ ఆఫ్, సెంటర్ ఓడిపోయాడు. పక్ గోడ వెంట జారుతూ వచ్చింది. ఎదుటి డిఫెన్స్‌మన్ మీదకి దూసుకొస్తుంటే మావాడు వీపు ఆనించి, పక్‌ని స్కేటుతో ఆపి, కర్ర మొనతో సొంత జోన్ అంచునున్న బ్లూ లైన్ దాటించి బెంచికి వెళ్లిపోయాడు. అర నిమిషం పని. స్కోరు పట్టికలో గుర్తు కూడా లేదు. అవతలివాడి పాయింటు ఒకటి ఇలా వచ్చింది. పవర్ ప్లేలో కుడి గోడ దగ్గర పక్ అందుకుని, పైన నిలబడ్డ డిఫెన్స్‌మన్‌కి తిరిగి ఇచ్చాడు. అతను అడ్డంగా సెంటర్‌కి తోశాడు. ఆ సెంటర్ లీగ్‌లో పేరున్నవాడు. గోలీని ఒక పక్కకి లాగి, భుజం మీదుగా పై మూలకి కొట్టాడు. ముగ్గురికీ ఒక్కో పాయింటు.

అలాగని అవతలివాడిది వట్టి అదృష్టం అనలేం. మొదటి పవర్ ప్లే యూనిట్‌లో ఎవరిని పడితే వాళ్లని నిలబెట్టరు. గోల్ వెనక మూలలో ఇద్దరి మధ్య నుంచి పక్ గెలిచి అతను ఇచ్చిన పాస్‌లు కూడా చూశాను. నా ప్రశ్న చిన్నది: అతని పాయింట్లలో చోటు వల్ల వచ్చినవి ఎన్ని, చేతి వల్ల వచ్చినవి ఎన్ని? ఓపెనర్‌కీ, ఏడో నంబరు బ్యాటర్‌కీ సీజన్ చివర ఒకే పరుగులుంటే మనం వాళ్లని ఒకే ధరకి కొనం కదా. ఇదీ ఆ పోలికే.

పనిచేయనివి

ఆటగాడి విలువంతా ఒకే అంకెలోకి దించే మోడల్స్ ఉన్నాయి. అతని స్థానంలో సాధారణ ఆటగాడుంటే జట్టు ఎన్ని విజయాలు కోల్పోయేదో చెబుతాయి. ఆ లెక్కలో మావాడు అవతలివాడికన్నా బాగా పైన వచ్చాడు. ఏజెంటు సంతోషించాడు. మా లాయర్ గారు మాత్రం మూడు ప్రశ్నలు వేశారు: “ఇది ఎవరు తయారు చేశారు? ఇలాంటిదే ఇంకొకరు చేస్తే ఇదే వరసొస్తుందా? ఆర్బిట్రేటర్ ‘ఎలా వచ్చింది’ అంటే రెండు నిమిషాల్లో చెప్పగలరా?” రెండో ప్రశ్న దగ్గరే ఆగిపోయాం. బయట అందుబాటులో ఉన్న ఇంకో మోడల్‌లో ఇద్దరి మధ్య తేడా దాదాపు మాయమైంది.

తేడా మాయమవడానికి కారణం ఉంది. ఈ మోడల్స్ ఎవరెవరు కలిసి ఐస్ మీదున్నప్పుడు ఏం జరిగిందో చూసి, ఒక్కొక్కరి వంతు విడదీస్తాయి. ఎప్పుడూ కలిసే ఆడేవాళ్లని విడదీయడానికి వాటి దగ్గర సమాచారం ఉండదు. ఈ రంగంలో అందరూ చెప్పే ఉదాహరణ వాంకూవర్‌కి ఆడిన కవలలు, హెన్రిక్ సెడిన్, డేనియల్ సెడిన్. ఏళ్ల తరబడి ఒకే లైన్‌లో ఆడారు. ఎవరి వాటా ఎంతో కంప్యూటర్ చెప్పలేదు, మోడల్ రాసినవాడి ఊహ చెబుతుంది. అవతలివాడికీ అతని సెంటర్‌కీ మధ్య పరిస్థితి కూడా దాదాపు అంతే.

సరే, సెంటర్ లేనప్పుడు అతను ఎలా ఆడాడో చూద్దామనుకున్నాం. సెంటర్ గాయంతో కూర్చున్న రోజులు కొన్ని దొరికాయి. ఆ మ్యాచ్‌ల్లో అవతలివాడు తేలిపోయాడు. చదవడానికి చాలా బలంగా ఉంది, కానీ వద్దన్నాను. అవి చాలా కొద్ది నిమిషాలు. పైగా ఆ రోజుల్లో అతనికి జోడీగా వచ్చింది నాలుగో లైన్ సెంటర్. అవతలి లాయరు ఇదే పద్ధతిని మావాడి మీద తిప్పి, మాకు నచ్చని నాలుగు మ్యాచ్‌లు ఎంచి చూపిస్తే మా దగ్గర జవాబుండదు. మనమీద వాడితే మనకి ఒప్పు కాని లెక్కని ఇంకొకరి మీద వాడకూడదన్నది నాకు నీతి కన్నా ముందుగా జాగ్రత్త.

పనిచేసినది

చివరికి పనికొచ్చింది కొత్త గణితమేమీ కాదు. పాయింట్ల మూట విప్పి, లీగ్ అధికారిక పట్టికల్లో ఉన్న అంకెలతోనే కుప్పలు పోశాం. ఊహించిన అంకెలతో చూపిస్తాను. ఇద్దరికీ 50 పాయింట్లనుకోండి. మావాడివి ఐదుగురికి ఐదుగురున్నప్పుడు 36, పవర్ ప్లేలో 8, మిగతావి 6. అవతలివాడివి 28, 18, 4. మావాడు ఐదుగురి మీద ఐదుగురు ఆటలో మ్యాచ్‌కి 13 నిమిషాలు, అవతలివాడు 15 నిమిషాలు ఉన్నారనుకుంటే, 82 మ్యాచ్‌లకి మావాడు గంట ఆటకి దాదాపు 2.03 పాయింట్లు తెస్తున్నాడు, అవతలివాడు 1.37. పైగా మావాడు పెనాల్టీ కిల్‌లో, అంటే జట్టు నలుగురితో ఆడే కష్టకాలంలో, ప్రతి మ్యాచ్‌లో దిగుతున్నాడు. అవతలివాడు దాదాపు దిగడు. ఒక్క సీజన్ లెక్కని కాకతాళీయం అనొచ్చు కాబట్టి మూడు సీజన్లవి పక్కపక్కన పెట్టాం. తేడా మూడింటిలోనూ నిలిచింది. మొదటి ఏడాది కాస్త పలచగా ఉంది, దాన్నీ దాచలేదు.

మొదటి అసిస్టు, రెండో అసిస్టు విడదీయడం కూడా చేశాం. గోల్‌కి ఆఖరి పాస్ ఇచ్చినవాడికి మొదటి అసిస్టు, అంతకుముందు పాస్‌కి రెండోది. రెండో అసిస్టులు ఏడాది ఏడాదికీ బాగా ఊగుతాయి. అవతలివాడికి అవి ఎక్కువ. లాయర్ గారు దీన్ని బ్రీఫ్‌లో, అంటే మేం రాసిచ్చే వాదనలో, ఒక వాక్యానికి కుదించారు. నాకు ఒక పేజీ కావాలనిపించింది, కానీ వినేవాళ్ల ఓపిక ఎంతో ఆవిడకి తెలుసు.

అసలు మలుపు మాత్రం అవతలివాడితో పోరాటం తగ్గించుకున్నాక వచ్చింది. ఒక్కడితో పోలిస్తే ‘సమానమా కాదా’ అన్న వాదనలోనే గది సమయమంతా పోతుంది. అందుకని పోల్చదగ్గవాళ్లని వరసగా పేర్చాం. కింద అవతలివాడు. పైన, మావాడి తరహాలోనే ఐదుగురి మీద ఐదుగురు ఆటలో పాయింట్లు తెచ్చి, పెనాల్టీ కిల్ చేసే ఇంకో వింగరు. అతనికి మావాడికన్నా పాయింట్లు కాస్త ఎక్కువ, జీతమూ ఎక్కువ. మావాడు ఈ ఇద్దరి మధ్య ఉంటాడన్నది కాదనడం కష్టం. ఏ మెట్టు మీద ఉంటాడన్నదే మిగిలిన వాదన.

బేరంలో ఇంకొకటి కలిసొచ్చింది. అవతలివాడి కాంట్రాక్టు కుదిరినప్పుడు కోవిడ్ దెబ్బకి శాలరీ క్యాప్, అంటే జట్టు జీతాల మీద పరిమితి, 2019-20 నుంచి మూడు సీజన్లు 8.15 కోట్ల డాలర్ల దగ్గరే నిలిచిపోయి ఉంది. అది 2025-26కి 9.55 కోట్లకి చేరింది. ఊహకి, 8.15 కోట్ల క్యాప్‌లో 40 లక్షల డాలర్ల జీతం అంటే 4.9 శాతం. అదే శాతం 9.55 కోట్లలో దాదాపు 46.9 లక్షలు. ‘అవతలివాడికి ఇచ్చిందే’ అన్నప్పుడు ఎప్పటి డాలర్లు అని అడగడం క్లబ్బుతో మాటల్లో మాకు చాలా ఉపయోగపడింది.

బ్రీఫ్‌లో పెట్టనిది

ఇక రెండో ప్రశ్న. ఆ సీజన్‌లో మావాడి గోల్స్ ఒక్కసారిగా పెరిగాయి. షాట్లు మాత్రం పెరగలేదు. పెరిగింది షూటింగ్ పర్సెంటేజ్, కొట్టిన షాట్లలో గోల్ అయినవాటి శాతం. లీగ్ సగటు 10 అటూ ఇటూ ఉంటుంది. మంచి షూటర్లకి అంతకన్నా ఎక్కువే, కానీ ఒక్క ఏడాదిలో బాగా లేచింది మామూలుగా మరుసటి ఏడాది దిగుతుంది. ఊహకి, 160 షాట్లకి 15 శాతమైతే 24 గోల్స్, అతని పాత సగటు 11 శాతమైతే 17 లేదా 18. ఆటగాడు అంతే, ఆట అంతే, ఆరేడు గోల్స్ తేడా.

దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ విలియం కార్ల్‌సన్. 2016-17లో కొలంబస్‌కి 6 గోల్స్ కొట్టినవాడు, 2017-18లో వేగస్‌కి వెళ్లి 43 కొట్టాడు, షూటింగ్ 23.4 శాతం. ఆ వేసవి ఆర్బిట్రేషన్ కోరాడు. హియరింగ్ జరగకుండానే ఒక ఏడాదికి 52.5 లక్షల డాలర్లకి రాజీ కుదిరింది. మరుసటి ఏడాది గోల్స్ 24. ఆ తర్వాత ఏటా 59 లక్షల చొప్పున 8 ఏళ్ల కాంట్రాక్టు వచ్చింది. 43 గోల్స్‌కి క్లబ్బు ఎనిమిదేళ్ల డబ్బు పెట్టకుండా ఆగింది. 24కి దిగాక కూడా పెట్టింది, ఎందుకంటే అప్పటికి అతను మంచి సెంటర్ అని మిగతా ఆట చెప్పింది.

మావాడితో కూర్చుని ఇది చెప్పడం ఏజెంటుకి ఇష్టం లేదు. “కుర్రాడికి టెన్షన్ పెట్టకు, హియరింగ్ అయ్యాక చెబుదాం” అన్నాడు. నేను ఒప్పుకోలేదు, ఎందుకంటే నిర్ణయం ముందే ఉంది. సంఘానికీ లీగ్‌కీ మధ్య ఒప్పందానికి 2020లో జరిగిన సవరణల తర్వాత, హియరింగ్ మొదలైతే ఇక రాజీకి దారి లేదు, తీర్పే గతి. క్లబ్బు ఒక ఏడాది తీర్పు ఎంచుకుంటే మావాడు మరుసటి వేసవి తగ్గిన గోల్స్‌తో మళ్లీ ఇదే బల్ల ముందు కూర్చోవాలి. గదిలో గెలిచే అవకాశం మంచిదే. కానీ ఆ గెలుపు ఏడాదికి సరిపడేది. అతనికున్న నిలకడైన బలం, ఐదుగురి మీద ఐదుగురు ఆట, నాలుగైదేళ్ల కాంట్రాక్టులో క్లబ్బుకి ఎక్కువ పనికొస్తుంది. కాబట్టి ఇప్పుడున్న వేడిలో ఏడాదికి కాస్త తక్కువైనా ఎక్కువ ఏళ్లు అడగమన్నాను.

మావాడు అంతా విని ఒకటే అడిగాడు: “అంటే నేను షూటర్‌ని కాననా?” కాదు, నీ షాట్లు ఎప్పుడూ అక్కడే ఉన్నాయి, ఈసారి ఎక్కువ లోపలికి వెళ్లాయి అని చెప్పాం. కాసేపు ముఖం మాడ్చుకున్నాడు. సాయంత్రానికి సరేనన్నాడు.

హియరింగ్‌కి ముందే కుదిరింది. ఏడాది జీతం మేం బ్రీఫ్‌లో రాసినదానికన్నా తక్కువ, అవతలివాడిదానికన్నా గుర్తించదగ్గంత ఎక్కువ, ఏళ్లు మాత్రం మేం అడిగినన్ని. ఇందులో మా బ్రీఫ్ వాటా ఎంతో విడదీసి చెప్పలేను. క్లబ్బుకి ఆ వేసవిలో వేరే అవసరాలూ ఉన్నాయి.

ఆ తర్వాత

ఇద్దరు ఫార్వర్డ్‌లని పోల్చే ఏ ఫైల్లోనైనా ఇప్పుడు మొదటి పేజీలో ‘ఎవరికి, ఎన్నేళ్లకి’ అని రాసుకుంటాం. 2022 జులైలో కాల్గరీ, ఫ్లోరిడా చేసుకున్న మార్పిడి ఈ ప్రశ్నకి పెద్ద పాఠ్యపుస్తకం. జొనాథన్ హ్యూబర్డో 115 పాయింట్ల సీజన్ తర్వాత, మాథ్యూ కచుక్ 104 తర్వాత చేతులు మారారు. పాయింట్లలో హ్యూబర్డో ముందున్నాడు, కానీ అతనికి 29, కచుక్‌కి 24. హ్యూబర్డో 115లో 85 అసిస్టులే. మరుసటి సీజన్‌లో హ్యూబర్డోకి 55, కచుక్‌కి 109. జట్టు, కోచ్, లైన్ అన్నీ మారాయి కాబట్టి మొత్తం వయసు మీదకి నెట్టలేం. కాకపోతే 8 ఏళ్ల కాంట్రాక్టు రాసేటప్పుడు పాయింట్ల వరస ఎంత తక్కువ చెబుతుందో చూడటానికి ఇంతకన్నా పెద్ద ఉదాహరణ దొరకదు.

మావాడి గోల్స్ మరుసటి ఏడాది అనుకున్నట్టే దిగాయి. ఐదుగురి మీద ఐదుగురు ఆటలో పాయింట్లు నిలిచాయి. మా లెక్కకి లొంగనివాడు అవతలివాడే. అతని సెంటర్ వేరే జట్టుకి వెళ్లిపోయాడు, పవర్ ప్లే పాయింట్లు పడిపోతాయనుకున్నాం, పెద్దగా పడలేదు. కొత్త సెంటర్‌తోనూ గోడ దగ్గర అదే చోట నిలబడి అవే పాస్‌లు ఇస్తున్నాడు. పవర్ ప్లే పాయింట్లని ఎంత తగ్గించి చూడాలన్న దాని మీద లాయర్ గారికీ నాకూ ఇంకా కుదరలేదు. ఆవిడ అసలు తగ్గించొద్దంటారు. నేను మూడు సీజన్ల సగటు తీసి, యూనిట్‌లో ఎవరున్నారో పక్కన రాయాలంటాను. ఈ వేసవి ఇంకో వింగరు ఫైలు వచ్చింది, ఈసారి మొదటి పవర్ ప్లే యూనిట్‌లో ఆడేవాడు మా క్లయింటు.